యంత్రానికి పని అప్పగించే ముందు పటం గీయండి: ‘కాదు’ గీత మరిస్తే నష్టం

(మా వాణిజ్య విలేఖరి)

ఆర్డరు రాగానే బిల్లు దానంతట అదే తయారవుతుంది. గడువు దాటిన బాకీదారుకు సెల్‌ఫోనులో సందేశం దానంతట అదే వెళుతుంది. ధర ఒక మట్టానికి దిగగానే అమ్మకం ఆర్డరు దానంతట అదే పడుతుంది. ఇవి ఇప్పుడు పెద్ద కంపెనీలకే పరిమితమైన సంగతులు కావు. కమీషను కొట్లలోకి, బ్రోకర్ల ఆఫీసుల్లోకి కూడా వచ్చేశాయి. గుమాస్తా చేసే పనిలో చాలా భాగం కంప్యూటరు చేస్తున్నది.

అయితే గుమాస్తాకు, కంప్యూటరుకు ఒక పెద్ద తేడా ఉన్నది. ఎన్నడూ చూడని చిక్కు ఎదురైతే గుమాస్తా ఆగి, ‘ఏం చేయమంటారు?’ అని యజమానిని అడుగుతాడు. కంప్యూటరు అడగదు. చెప్పిన దారి ఉంటే ఆ దారినే పోతుంది. దారి లేకపోతే నడుమ నిలిచిపోతుంది, లేదా తప్పు దారిన పోతుంది. ఆ సంగతి ఎవరికైనా చెప్పమని ముందుగా ఏర్పాటు చేసి ఉంటే తప్ప ఎవరికీ చెప్పదు.

అందుచేత ఏ పనినైనా యంత్రానికి అప్పగించే ముందు ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుందో కాగితం మీద పటంగా గీసుకోవాలి. దీనినే ఫ్లో చార్టు అంటారు. ఇందులో నేర్చుకోవలసిన ముఖ్య సూత్రం ఒక్కటే. పటంలో ప్రశ్న వచ్చిన ప్రతి చోటా ‘అవును’ అనే గీత ఒకటి, ‘కాదు’ అనే గీత ఒకటి ఉండి తీరాలి. ‘అవును’ గీతను అందరూ గీస్తారు. మరచిపోయేది ‘కాదు’ గీతనే. సొమ్ము పోయేది కూడా అక్కడే.

ముడి చమురు నేర్పిన పాఠం

వాయిదా వ్యాపారంలో ఉన్నవారికి 2020 ఏప్రిల్ 20 గుర్తుండే ఉంటుంది. కరోనా వల్ల ప్రపంచమంతటా వాహనాలు ఆగిపోయి చమురు వాడకం పడిపోయింది. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని కుషింగు కేంద్రంలో నిల్వకు చోటు దొరకడం కష్టమైంది. మే వాయిదా ముగియడానికి ఒక రోజు ముందు, చేతిలో కొనుగోళ్ళు ఉన్నవారు సరుకు తీసుకుని పెట్టుకునే దారి లేక, తీసుకుపోయేవారికే ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. ఆ రోజు న్యూయార్కులో బ్యారెలు ముగింపు ధర సున్నకు దిగువన 37.63 డాలర్లు.

మన దేశంలో లాక్‌డౌను కారణంగా ఎం.సి.ఎక్స్. ఎక్స్‌ఛేంజి ఆ రోజుల్లో సాయంత్రం 5 గంటలకే మూసివేస్తున్నారు. ఏప్రిల్ వాయిదాకు అదే ఆఖరి రోజు. 5 గంటలకు బ్యారెలు ధర 965 రూపాయలు. న్యూయార్కు ముగింపు ధర తేలింది మన అర్ధరాత్రి వేళ. ఇక్కడి పరిష్కార ధర అక్కడి ధర మీద ఆధారపడినది కావడంతో, ముందు తాత్కాలికంగా 1 రూపాయి అని ప్రకటించి, తరువాత దానిని సున్నకు దిగువన 2,884 రూపాయలుగా ఖరారు చేశారు.

లెక్క వేసి చూడండి. ఒక లాటు 100 బ్యారెళ్ళు. 965 రూపాయల దగ్గర ఒక లాటు విలువ 96,500 రూపాయలు. ఆ ధరకు కొని నిలబెట్టుకున్నవారికి బ్యారెలుకు 965, దానిపై 2,884, వెరసి 3,849 రూపాయలు నష్టం. లాటుకు 3,84,900 రూపాయలు. అంటే సరుకు మొత్తం విలువకు దాదాపు నాలుగింతలు. కొన్న సరుకు విలువ పూర్తిగా పోయినా అంతకు మించి నష్టం ఉండదన్న లెక్క మీద మార్జిను కట్టినవారికి ఇది ఊహకందని దెబ్బ.

ఇందులో కంప్యూటర్ల పాత్ర ఏమిటి? ధర అంటే సున్నకు పైన ఉండే అంకె అన్న నమ్మకంతోనే అనేక సాఫ్టువేర్లు తయారయ్యాయి. ‘ధర సున్నకు దిగువన ఉన్నదా?’ అన్న ప్రశ్నకు వాటిలో చోటు లేదు. అమెరికాలో ఇంటరాక్టివ్ బ్రోకర్స్ సంస్థ వ్యవస్థ ఆ రోజు సున్నకు దిగువ ధరలను సంబాళించలేకపోయింది. ఈ వ్యవహారంలో అక్కడి వాయిదా వ్యాపార నియంత్రణ సంస్థ 2021లో ఆ సంస్థకు 17.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. న్యూయార్కు చమురు వాయిదాలు నడిపే సి.ఎం.ఇ. మాత్రం సున్న దిగువ ధర వస్తే ఏం చేస్తామో 2020 ఏప్రిల్ 8న, అంటే 12 రోజులు ముందే, సభ్యులకు తెలియజేసింది. మన సెబీ కూడా ధర సున్నకు చేరువైనప్పుడు, దిగువకు పోయినప్పుడు పాటించవలసిన మార్జిను పద్ధతిని 2020 సెప్టెంబరులో ఏర్పాటు చేసింది. అంటే లేని గీతను తరువాత గీశారన్నమాట.

గుర్తులు ఏడు చాలు

ఈ పటాల పద్ధతి కంప్యూటర్ల కంటే పాతది. ఇటుకల పని నేర్చుకుని జీవితం మొదలుపెట్టిన ఫ్రాంకు గిల్‌బ్రెత్, ఆయన భార్య లిలియన్ కలిసి, పనిని అంచెలంచెలుగా పటంలో చూపే పద్ధతిని 1921లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ఉంచారు. 1940లలో గోల్డ్‌స్టయిన్, వాన్ నాయ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు దీనిని కంప్యూటరు పనికి వాడారు. గుర్తులు దేశదేశానికీ ఒకే తీరుగా ఉండేందుకు 1985లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. వ్యాపార సంస్థల కోసం మరింత వివరమైన గుర్తుల పద్ధతులు ఆ తరువాత వచ్చాయి గాని, కొట్టు నడిపేవారికి అవన్నీ అవసరం లేదు. ఈ ఏడు తెలిస్తే చాలు.

గుండ్రని చివరలున్న పెట్టె: పని మొదలు, పని ముగింపు.

మామూలు పెట్టె: చేసే పని. ‘బిల్లు తయారు చేయి’ వంటిది.

పేకముక్కల్లోని డైమను ఆకారం: ప్రశ్న. దీనిలో నుంచి కనీసం రెండు గీతలు బయటకు రావాలి.

పక్కకు వాలిన పెట్టె: లోపలికి వచ్చే సమాచారం, బయటకు పోయే సమాచారం.

అడుగు గీత అలలాగా వంగిన పెట్టె: కాగితం. బిల్లు, రసీదు వంటివి.

చిన్న సున్న: తరువాయి మరో చోట ఉన్నదని తెలిపే గుర్తు.

బాణం: పని పోయే దిక్కు.

గుర్తుల అందం ముఖ్యం కాదు. పెట్టెలో రాసిన మాట ముఖ్యం. పెట్టెలో ‘సరుకు చూడు’ అని రాస్తే ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకుంటారు. ‘కోల్డు స్టోరేజి లెక్కలో తేజ రకం 100 టిక్కీలు ఉన్నాయా?’ అని రాస్తే వేరే అర్థానికి తావుండదు.

మిర్చి ఆర్డరు ఒకటి

ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు మిర్చి వ్యాపారికి నాగపూరు నుంచి తేజ రకం 100 టిక్కీలకు ఆర్డరు వచ్చిందనుకోండి. టిక్కీ 40 కిలోల చొప్పున 40 క్వింటాళ్ళు. క్వింటాలు 15,000 రూపాయలు అనుకుంటే సరుకు విలువ 6 లక్షలు. 5 శాతం జి.ఎస్.టి. 30,000 కలిపి బిల్లు 6,30,000 రూపాయలు. ఆర్డరు అందుకోవడం నుంచి డబ్బు జమ అయ్యే వరకు కంప్యూటరు నడిపించాలని వ్యాపారి కోరిక.

తొందరపడి గీస్తే పటం ఇలా వస్తుంది: ఆర్డరు, బిల్లు, ఈ-వే బిల్లు, లారీ, డబ్బు. అయిదు పెట్టెలు, నాలుగు బాణాలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఇందులో ఒక్క ప్రశ్న కూడా లేదు. ప్రశ్న లేని పటం కోరికల జాబితా మాత్రమే. ఇప్పుడు ప్రశ్నలు వేద్దాం.

మొదటి ప్రశ్న, అరువు. ఈ పార్టీకి అరువు హద్దు 10 లక్షలు. పాత బాకీ 5 లక్షలు. ‘బాకీ హద్దు లోపల ఉన్నదా?’ అని డైమనులో రాస్తే కంప్యూటరు 5 లక్షలను 10 లక్షలతో పోల్చి ‘అవును’ అంటుంది. సరుకు బయలుదేరుతుంది. కానీ కొత్త బిల్లు కలిపితే బాకీ 11,30,000 అవుతుంది. హద్దు దాటి 1,30,000. తప్పు కంప్యూటరుది కాదు, ప్రశ్నది. ‘పాత బాకీ, ఈ బిల్లు కలిపితే హద్దు లోపల ఉన్నదా?’ అని రాయాలి. ‘కాదు’ గీత యజమాని దగ్గరకు పోవాలి. ఆయన ఒప్పుకుంటే ఒక గీత, ఒప్పుకోకపోతే పార్టీకి కబురు చేసే గీత.

రెండవ ప్రశ్న, సరుకు. లెక్కలో 120 టిక్కీలున్నాయి. పది నిమిషాల తేడాతో రెండు ఆర్డర్లు, ఒక్కొక్కటి 100 టిక్కీలకు వచ్చాయి. బిల్లు తయారైనప్పుడే లెక్కలో తగ్గించేటట్లు పటం గీసి ఉంటే, మొదటి ఆర్డరు బిల్లు కాకముందే రెండవదానికీ ‘సరుకు ఉన్నది’ అన్న జవాబే వస్తుంది. 120 టిక్కీలు పెట్టుకుని 200 అమ్మినట్లవుతుంది. కనుక ‘అవును’ అన్న జవాబు రాగానే ‘ఈ ఆర్డరు పేర సరుకు పక్కన పెట్టు’ అనే పెట్టె ఉండాలి. ఆర్డరు రద్దయితే పక్కన పెట్టిన సరుకును తిరిగి లెక్కలో కలిపే పెట్టె కూడా ఉండాలి. ఈ రెండవది మరచిపోతే సరుకు గిడ్డంగిలో ఉండి కూడా కంప్యూటరులో కనబడదు. ధర బాగున్న రోజున బేరం చేజారుతుంది.

మూడవది ఈ-వే బిల్లు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఇది కావాలని వ్యాపారులందరికీ తెలుసు. పార్టు-ఎ లో బిల్లు వివరాలు, పార్టు-బి లో లారీ నెంబరు. లారీ నెంబరు తెలిసేది సాధారణంగా ఆఖరున. అందుచేత ‘లారీ నెంబరు వచ్చిందా?’ అన్న ప్రశ్నకు ‘కాదు’ గీత ఎక్కడికి పోతుందో చూడాలి. ‘లారీకి కబురు’ పెట్టెకు మాత్రం పోకూడదు. నెంబరు కోసం ట్రాన్స్‌పోర్టు వారిని అడిగే పెట్టెకు పోవాలి.

లారీ బయలుదేరిన తరువాత కూడా పటం ముగియదు. ఈ-వే బిల్లు 200 కిలోమీటర్లకు, లేదా అందులో భాగానికి, ఒక రోజు చొప్పున చెల్లుతుంది. దూరం 770 కిలోమీటర్లయితే నాలుగు రోజులు. దారిలో లారీ చెడిపోయి సరుకు మరో లారీకి మారితే పార్టు-బి లో నెంబరు మార్చాలి. గడువు చాలకపోతే, గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల లోపల పొడిగించుకునే వీలున్నది. కంప్యూటరు గడువుకు ముందు ‘సరుకు చేరిందా?’ అని అడిగి, ‘కాదు’ అంటే మనిషిని లేపాలి. చెల్లని ఈ-వే బిల్లుతో లారీ పట్టుబడితే, సరుకు యజమాని ముందుకు వచ్చిన పక్షంలో పన్నుకు రెండింతల జరిమానా కట్టవలసి రావచ్చు. మన ఉదాహరణలో అది 60,000 రూపాయలు. క్వింటాలుకు 1,500 రూపాయలు పడుతుంది. మిర్చిలో అంత లాభం ఎప్పుడో గాని చూడం.

నాల్గవది బాకీ వసూలు. ‘డబ్బు జమ అయిందా?’ అన్న ప్రశ్న, ‘కాదు’ అంటే సందేశం పంపి, మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. దీనిని చుట్టు అంటారు. చుట్టు గీసినప్పుడల్లా అందులో నుంచి బయటపడే గీత ఉన్నదా అని చూడాలి. పార్టీ చెక్కు ఇచ్చి వెళ్ళాడు, గుమాస్తా చిట్టాలో రాశాడు గాని కంప్యూటరులో ఎక్కించలేదు. కంప్యూటరు రోజూ రాత్రి బాకీ సందేశం పంపుతూనే ఉంటుంది. ఇరవయ్యేళ్ళ పార్టీకి అది అవమానం. మూడు సార్లు పంపిన తరువాత చుట్టు ఆగి, గుమాస్తా స్వయంగా ఫోను చేసే పెట్టెకు పోవాలి.

సందేశం ఎవరికి?

పటాన్ని నిలువు పట్టీలుగా విడగొట్టడం చాలా ఉపయోగం. ఒక పట్టీ కంప్యూటరుది, ఒకటి గుమాస్తాది, ఒకటి యజమానిది, ఒకటి ట్రాన్స్‌పోర్టు వారిది. ప్రతి పెట్టె ఎవరి పని అయితే వారి పట్టీలో పడాలి. బాణం ఒక పట్టీ నుంచి మరో పట్టీకి దాటే చోటే పని చేతులు మారుతుంది. అక్కడ మూడు సంగతులు రాయండి: ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి, ఎంత సేపటిలో జవాబు రాకపోతే తరువాత ఎవరికి చెప్పాలి.

ఇది ఎంత ముఖ్యమో అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల సంస్థ వ్యవహారం చెబుతుంది. 2012 ఆగస్టు 1న ఆ సంస్థ కంప్యూటర్లు 45 నిమిషాల్లో అక్కరలేని ఆర్డర్లు లక్షల సంఖ్యలో మార్కెట్టులోకి వదిలాయి. నష్టం 46 కోట్ల డాలర్లకు పైన. అమెరికా సెక్యూరిటీల నియంత్రణ సంస్థ విచారణలో తేలిన కారణాలు ఇవి. కొత్త సాఫ్టువేరును ఎనిమిది సర్వర్లలో ఎక్కించవలసి ఉండగా ఏడింటిలోనే ఎక్కించారు. ఎనిమిదవ దానిలో 2003 నుంచి వాడకం మానేసిన పాత కార్యక్రమం అలాగే ఉండిపోయింది. కొత్త ఆర్డర్లు దానిని తట్టి లేపాయి. ఒకరు చేసిన పనిని రెండవవారు సరిచూడాలని కాగితం మీద నియమం లేదు.

ఇంతకంటే విచారకరం మరొకటి. ఆ ఉదయం మార్కెట్టు తెరవకముందే వారి కంప్యూటరు తప్పును సూచిస్తూ 97 ఈ-మెయిళ్ళు సిబ్బందికి పంపింది. అవి హెచ్చరికలని, వెంటనే చూడవలసినవని ఎవరికీ ఏర్పాటు లేదు. యంత్రం చెప్పింది, వినవలసిన మనిషి పట్టీ పటంలో లేదు. తప్పు వెతికే తొందరలో, సరిగా ఉన్న ఏడు సర్వర్లలో నుంచి కొత్త సాఫ్టువేరును తీసివేశారు. దానితో నష్టం ఇంకా పెరిగింది. 2013 అక్టోబరులో ఆ సంస్థపై 1.2 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

మన కొట్టులో సర్వర్లు ఎనిమిది ఉండవు. కానీ మూడు సెల్‌ఫోన్లు, రెండు కంప్యూటర్లు ఉంటాయి. ఒకదానిలో కొత్త ధరల పట్టీ, ఇంకొకదానిలో పాత ధరల పట్టీ ఉండడం అరుదేమీ కాదు. రెండవ దానిలో నుంచి పార్టీకి ధర వెళితే ఆ తేడా ఎవరు భరించాలి?

పటం కూడా లెక్క పుస్తకమే

గీసిన పటాన్ని చిట్టా, ఆవర్జాలతో సమానంగా భద్రపరచాలి. పటం మీద తేదీ, సంఖ్య, గీసినవారి సంతకం, సరిచూసినవారి సంతకం ఉండాలి. ప్రతి పెట్టెకూ అంకె వేయండి. ‘7వ పెట్టె దగ్గర ఆగింది’ అని ఫోనులో చెబితే చాలు, ఊళ్ళో లేని యజమానికి కూడా సంగతి అర్థమవుతుంది.

మార్పు చేసినప్పుడు ముందు పటంలో మార్చి, తరువాత కంప్యూటరులో మార్చాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో పటం వెనుక రాయాలి. వాడకం మానిన గీతను పటంలో కొట్టివేసిన రోజే కంప్యూటరులో కూడా తీసివేయాలి. పాత పటాలను పారవేయకండి. అయితే ‘రద్దు’ అని రాసి వేరే ఫైలులో ఉంచండి. గోడకు వేలాడేది ఒక్కటే పటం కావాలి.

సాఫ్టువేరు అమ్మినవారే పటం గీసి ఇస్తారని ఊరుకోవడం మంచిది కాదు. వారికి కంప్యూటరు తెలుసు గాని, వాన పడిన రోజు యార్డులో ఏం జరుగుతుందో, బ్యాంకు సెలవు రోజున ఏ పార్టీ ఎలా డబ్బు పంపుతాడో తెలియదు. ఆ ‘కాదు’ గీతలు తెలిసినవాడు మీ పాత గుమాస్తా. పటం గీసే రోజు ఆయనను పక్కన కూర్చోబెట్టుకోండి.

అమలుకు ముందు చేయవలసినవి

1. ఒక పనికి ఒక కాగితం. పట్టకపోతే పనిని రెండుగా విడగొట్టండి.

2. ప్రతి డైమను దగ్గర వేలు పెట్టి ‘కాదు’ గీత ఎక్కడికి పోతున్నదో పైకి చదవండి. ఎక్కడికీ పోకపోతే ఆ పని ఇంకా యంత్రానికి ఇవ్వదగినది కాదు.

3. అంకెలు వచ్చే ప్రతి ప్రశ్నలో నాలుగు జవాబులు పెట్టి చూడండి: సున్న, సున్నకు దిగువ, ఖాళీ, మామూలుకు నూరు రెట్లు. పది క్వింటాళ్ళకు బదులు వెయ్యి అని ఎవరైనా కొడితే పటం ఆపుతుందా?

4. గడచిన వారంలో నిజంగా వచ్చిన పది ఆర్డర్లు తీసుకోండి. వాటిలో చిక్కులు వచ్చినవి కనీసం మూడు ఉండాలి. ఒక్కొక్కదానిని పటం మీద వేలితో నడిపించండి. నిజంగా జరిగినదానికీ పటం చెప్పినదానికీ తేడా వస్తే పటం దిద్దండి.

5. కరెంటు పోయినా, నెట్టు పోయినా చేతితో ఎలా నడపాలో చూపే గీత ఒకటి ఉండాలి. యంత్రాన్ని వెంటనే ఆపే అధికారం ఎవరిదో పేరుతో రాయాలి. ఆ వ్యక్తి లేని రోజున ఎవరిదో కూడా రాయాలి.

6. మొదటి నెల రోజులు కంప్యూటరు తయారు చేసిన ప్రతి బిల్లును మనిషి చూసిన తరువాతే బయటకు పంపండి. ఆ నెలలో పటంలో లేని సంగతులు ఎన్ని ఎదురైతే అన్ని గీతలు చేర్చండి.

ఈ పనికి కావలసినది ఒక పెద్ద కాగితం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు, ఒక పూట తీరిక. పటాలు గీసే సాఫ్టువేర్లు చాలా ఉన్నాయి, వాటిని తరువాత చూసుకోవచ్చు. సీజను రాబడులు ఊపందుకోక ముందే కొట్టులో అన్నిటికంటే ఎక్కువ డబ్బు చేతులు మారే పని ఒకటి ఎంచుకుని, దానితో మొదలుపెట్టడం మంచిది.